మారింది కాదు, మార్చారు

'మారింది' అట! దానంతట అదే మారడానికి ఊరి పేరేమన్నా వాతావరణమా?

రిటైరయ్యాక ఏజాక్స్ పట్నంలో ఇల్లు అమ్మేసి నేను వచ్చి చేరిన ఈ నది ఒడ్డు ఊరిని కట్టింది జర్మన్లు. జర్మనీలో వాళ్లు వదిలొచ్చిన ఊరూ చిన్నదే, నది పక్కదే. ఆ పేరే దీనికీ పెట్టుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఈ దేశానికి శత్రువయ్యేసరికి ఆ పేరు పలకడమే తప్పయిపోయింది. మా ఎదురింటి ముసలావిడ తాతకు ఇక్కడ బేకరీ ఉండేదట. పేరు మార్చిన రోజు జనం వచ్చి, దుకాణం మీద ఊరి పేరున్న బోర్డును ఆయన చేతే పీకించి, ఆయన చేతే నదిలో వేయించారట. తొంభై దాటిన ఆవిడ ఈ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నది వైపు వేలు చూపిస్తుంది.

ఊరి చరిత్రతో నది ఒడ్డున ఒక బోర్డు పెట్టాలని హెరిటేజ్ కమిటీ అనుకున్నప్పుడు, రాసే పని నాకు అప్పజెప్పారు. ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే: తను పోయేలోపు పాత పేరు ఆ ఒడ్డున కనిపించాలి. రాశాను. జనం బలవంతంగా పేరు మార్చారని, బేకరీ సంగతితో సహా రాశాను. కమిటీ పెద్దమనిషి చదివి, మరీ నెగటివ్‌గా ఉందన్నాడు. నవ్వుతూనే పాత పేరు కొట్టేసి, కాలక్రమంలో పేరు మారిందని దిద్దాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా నోరు మూసుకుని ఫెయిర్ కాపీ చేసిచ్చాను. సిగ్గులేని పని. ఆయన మీదకన్నా నా మీదే నాకు కోపం ఎక్కువ.

నోరు మూసుకోవడం నాకు కొత్త కాదు. ఈ దేశానికి అప్లై చేసినప్పుడు మనవాళ్ల అలవాటు కొద్దీ ఇంటిపేరు ముందు రాశాను. అదే నా ఫస్ట్ నేమ్ అయి కూర్చుంది. మా ఇంటిపేరు మా ఊరి పేరే. ముప్పై ఏళ్లుగా ఆఫీసులో, బ్యాంకులో, ఇరుగుపొరుగులో అందరూ నన్ను ఊరి పేరు పెట్టే పిలుస్తున్నారు. పోనీలే అని ఊరుకున్నాను.

ఆవిష్కరణ రోజు ఆవిడ వీల్‌చెయిర్‌లో ముందు వరసలో కూర్చుంది. బోర్డు మీది గుడ్డ తీయగానే దగ్గరికి తోయించుకుని, ఒక్కో వరస మీదా వేలు పెట్టి చదివింది.

"ఏదీ?" అంది నా వైపు తిరిగి.

సరిగ్గా అప్పుడే పెద్దమనిషి మైకులో నన్ను ఎప్పటిలాగే మా ఊరి పేరుతో పిలిచి, రెండు మాటలు చెప్పమన్నాడు.

"అది నా పేరు కాదండీ, మా ఊరి పేరు" అన్నాను.

ఇన్నేళ్లూ చెప్పలేదేమని ఆయన నవ్వాడు.

"మీ ఊరి పాత పేరు మీరు చెప్పనిచ్చారా?" అన్నాను.

సంతకాల పుస్తకం దగ్గరున్న మార్కర్ తీసుకుని, బోర్డు మీద 'మారింది' అన్నది కొట్టేసి 'మార్చారు' అని రాశాను. దాని కింద పాత పేరు, పెద్ద అక్షరాల్లో. పెద్దమనిషి అడ్డం రాబోయాడు గానీ, దారిలో ఆవిడ వీల్‌చెయిర్ ఉంది. తడి ఆరకముందే ఆవిడ ఆ పేరు మీద వేలు పెట్టింది. ఇంకు అంటిన ఆ వేలితోనే కళ్లు తుడుచుకుంది.

మునిసిపాలిటీ వాళ్లు వచ్చి తుడిచేస్తారట. తుడవమనండి. మార్కర్ నా జేబులోనే ఉంది.