పెద్దావు మెడలోని కొయ్యగంట

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక మనిషి మీద, ఆవును కోతకు అమ్ముకున్నాడన్న నింద పడింది. అది అబద్ధమని నాకు తెలుసు. ఇన్నేళ్ళూ నోరు విప్పలేదు.

మాది మందస కొండల కింది పల్లె. మా తాతయ్యకు కొండావుల మంద ఉండేది. పొట్టి గొడ్లు, దాణా ఎరగనివి, రాళ్ళ సందుల్లో ఎండుగడ్డి కొరుక్కుని బతికేవి. వాటిని కాసే ఆయన్ని నేను మావా అనేవాణ్ణి. కొండ మీంచి మబ్బు దిగితే, ముందు నడిచే పెద్దావు మెడలోని కొయ్యగంట చప్పుడే మందకు దారి. మావ ఏనాడూ గొంతెత్తి అదిలించేవాడు కాదు.

ఒక పొద్దున మబ్బు జీడితోటల దాకా దిగింది. మావ చుట్ట ముట్టించుకునేలోగా పెద్దావు మెడలో గంట విప్పుకుని తోటలోకి పోయాను. ఆయన్ని ఏడిపిద్దామని దాన్ని ఆడించాను.

ఆవులు వచ్చాయి. అడుగుల చప్పుడు లేదు. తెల్లటి మబ్బులోంచి ముందు కొమ్ములు, తర్వాత కళ్ళు. నా చుట్టూ నిలబడ్డాయి. తోకైనా ఆడించలేదు. వాటిలో పెద్దావు లేదు. భయమేసి చెయ్యి ఆపేశాను. గంట చప్పుడు మాత్రం ఆగలేదు, పైన కొండలో ఎక్కడో మోగుతూనే ఉంది. చేతిలోది ఆకుల్లో పడేసి ఇంటికి పరుగెత్తాను.

సాయంత్రం మంద ఇల్లు చేరింది, పెద్దావు తప్ప. ఎంత వెతికినా ఎముక కూడా దొరకలేదు. మావ తోటలో దొరికిన గంట పట్టుకుని తాతయ్య ముందు నిలబడ్డాడు. దాని తాడుకు జీడాకు అంటుకుని ఉంది. ఆయన నా వైపు చూశాడు.

"ముడి నానే వదులుగా ఏసినాను బాబూ," అన్నాడు తాతయ్యతో.

"కతలు సెప్పకు. సంతలో కోతకి అమ్మీసినావు," అన్నారు చుట్టూ చేరినవాళ్ళు. తాతయ్య ఆయన్ని పనిలోంచి తీసేశాడు. వెళ్తూ వెళ్తూ మావ నా దగ్గర ఆగాడు.

"పిలిసినోడు పారిపోకూడదురా గుంటడా. నమ్మి వచ్చిన గొడ్డు ఎటెళ్తాది?"

మావ ఇప్పుడు పలాసలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. చూపు పోయింది. కొడుకు మా ఊరికి ఆటో తోలుకొస్తే, గొడ్డు అమ్మినోడి కొడుకని ఇప్పటికీ నవ్వుతారు. అది నా చెవిన పడ్డాక నిద్ర పట్టలేదు. వెళ్ళి మావ మంచం పక్కన కూర్చున్నాను.

"ఆ గంట విప్పింది నేనే మావా."

"నాకు తెల్దేటి? ఒకటి సెప్పు. నువ్వు ఆపీసినాక కూడా మోగిందా?"

ఆ సంగతి నేనెవరికీ చెప్పి ఎరగను.

"మోగింది."

"నాకింకా మోగతంది," అని కొండ ఉన్న వైపే ముఖం తిప్పాడు.

కొడుకు ఆటోలోనే మావను మా ఊరు తీసుకొచ్చాను. టీ కొట్టు దగ్గర జనం ఉండగా ఆయన చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఈసారి పారిపోలేదు.

"ఈయన ఆవును అమ్మలేదు. గంట విప్పి దాన్ని పోగొట్టింది నేను. క్షమించు మావా."