మందు సీసాల సంచి

మొన్న మా మనవడు కొత్త సైకిలు కొనుక్కుని, దాని హ్యాండిలుకు తగిలించుకునే సంచి కూడా కొట్లోనే తీసుకుని, చూడు అమ్మమ్మా అంటూ నా ఒళ్లో పెట్టాడు. జిప్పులు, అరలు, అన్నీ కుదురుగా ఉన్నాయి. బాగుందన్నాను. అలాంటిదాన్ని ఒకప్పుడు నేను దబ్బనంతో కుట్టానంటే నా ఈడువాళ్లకైతే ఆశ్చర్యం ఉండదు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. నాంపల్లి స్టేషను వెనుక గల్లీలో, రెండు గదుల కిరాయి ఇంట్లో, అత్తగారు, ఆయన, నేను ఉండేవాళ్లం. ఆయన ఆబిడ్స్‌లో ఒక డాక్టరుగారి దవాఖానలో కంపౌండరు. ఆ వానాకాలం ఊళ్లో గత్తర లేచింది. ఇప్పుడు కలరా అంటారు. డాక్టరుగారు చెప్పిన మందు కలిపి, సీసాలను బట్టసంచిలో వేసి సైకిలు హ్యాండిలుకు వేలాడదీసుకుని, చాదర్‌ఘాట్ దాకా ఇల్లిల్లూ తిరిగేవారు ఆయన.

ఒకనాడు ఇంటికొచ్చి వాకిట్లోనే కూలబడ్డారు. తడిసిన సంచిలోంచి గాజుపెంకులు ఏరుతూ, "సీసలు ఒకదానికొకటి తాకి పలిగినయ్. మళ్ల దవాఖానకు పోయి తెచ్చెవరకు మందుకు ఎదురుచూస్తున్న పిల్ల పోయింది" అన్నారు. ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు, కాలం చేసిన మామగారి పాత ఖాకీ కోటు కుట్లు విప్పి, రెండు పొరల మధ్య దూది కూరి, సీసాకొక గది చొప్పున అరలు వేసి, దారానికి మైనం రుద్ది కుట్టడం మొదలుపెట్టాను. మిషను లేదు, ఆ మందంలో దబ్బనం దిగక వేళ్లు పుండ్లు పడ్డాయి. గుర్రపు జీనులు కుట్టే సాయిబు దగ్గర తోలుపట్టీలు తెచ్చి ఆయనే బిగించుకున్నారు. గల్లీలో రాళ్ల మీదుగా తొక్కి చూసి, "జర గూడ చప్పుడు లేదు" అని నవ్వారు.

అత్తగారు గడపలో నిలబడి, "ఆ ఇండ్లకు పోవద్దని నేను మొత్తుకుంటుంటె నువ్వు సంచి కుట్టి పంపుతున్నవా?" అన్నారు నాతో. "నేను పోకుంటె గా ఇండ్లకు ఎవరు పోతరమ్మా" అని ఆయన సైకిలెక్కారు.

వానలు వెనకబట్టి, ఇక తగ్గిందనుకుంటుండగా ఆయనకే తగిలింది. పొద్దున వాంతులు మొదలైతే దీపాలవేళకు అయిపోయింది. అప్పటికి నేను కడుపుతో ఉన్నాను. గత్తర అంటుకుంటుందని గల్లీవాళ్లు పక్కబట్టలతో పాటు ఆ సంచినీ వాకిట్లో వేసి తగలబెట్టారు. ఆ పొగలోనే నిలబడి, "నువ్వది కుట్టకుంటె నా కొడుకు బతుకుతుండె" అన్నారు అత్తగారు.

అమ్మాయి పుట్టాక చాదర్‌ఘాట్ నుంచి ఒకామె తన కొడుకును నడిపించుకుంటూ వచ్చింది. "కంపౌండరు సాబ్ మందు తెచ్చిచ్చిన్రు, పోరడు బతికిండు. ఆయన లేరని గిప్పుడే తెలిసింది" అంది. అత్తగారు ఆ పిల్లవాడి తల మీద చేయి వేసి నిమిరారు. ఆ తరువాత నన్నెప్పుడూ ఆ మాట అనలేదు. కొడుకు పేరూ ఎత్తలేదు. నేను ఇరుగుపొరుగుకు రవికెలు కుట్టి తెచ్చిన గింజలతోనే ఆమె చివరి రోజులూ గడిచాయి.

గత్తర అన్న మాట మా మనవడికి తెలియదు. తెలియకుండా పెరిగాడంటే అంతకంటే కావలసిందేముంది? మా అమ్మాయి మాత్రం, తల నెరిసినా, నాన్న గొంతు ఎలా ఉండేదమ్మా అని అడుగుతూనే ఉంటుంది. ఫొటో అయినా దిగని మనిషాయె. మునుపు ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఈ మధ్య ఆ గొంతు నాకూ సరిగ్గా గుర్తుకు రావడం లేదు.