దొంగపిల్ల బదులు కొట్టిన ఊ

కథలు చెప్పి చెప్పి నా నోరు ఏనాడూ అలసిపోలేదు. ఒక్క మాటను మాత్రం నాలుక కింద దాచుకుని ఇన్నేళ్ళు మోశాను. ఏ పాపం ఎరగని మనిషి మీద అబద్ధం చెప్పాను. కట్టుకున్నవాడికి చెప్పలేదు, కన్నవాళ్ళకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరుగరు, అదే నాకు ధైర్యం. ముందే ఒకటి తెలుసుకోండి, ఆ రోజు నేను చేసిన పనులు రెండు. మొదటిదానికి సిగ్గుపడను. యముడు పిలిచి అడిగినా పడను.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. అమీర్‌పేటలో మా అత్తగారిల్లు. సిరిసిల్ల దిక్కు నుంచి బతకవచ్చిన నేతవాళ్ళం. ఇంటి ముందుభాగంలో రెండు మగ్గాలు. ఒకదాని మీద మా ఆయన, రెండోదాని మీద కూలికి నేసే మల్లయ్య. నన్ను చెల్లె అని పిలిచేవాడు. వెనక పెరడు, పెరడు దాటితే తోటలు, తోటలు దాటితే పంజాగుట్ట రాళ్ళు. నూలు దొరకని కాలం అది. ఒక చీర మగ్గం దిగిందంటే ఇంట్లో కాన్పు జరిగినంత సంబరం.

అలాంటి చీర ఒకటి కోసి మడత పెట్టిన మధ్యాహ్నం, పెరట్లోంచి కేక వినిపించింది. మా అత్తమ్మ ఒక పిల్లను జుట్టు పట్టి ఈడ్చుకొస్తోంది. పదిహేనేళ్ళుంటాయేమో. చంకలో మా ఎర్రంచు చీర. ఒంటి మీద ముతక నీలిగుడ్డ. ఆ గుడ్డ చూడగానే ఎక్కడిదో తెలిసిపోయింది. పంజాగుట్ట అవతల ఒక దొర దేవిడీ, కోటంత పెద్ద ఇల్లు, ఉండేది. అక్కడి దాసీపిల్లలకు అదే గుడ్డ. పెళ్ళికూతురితోపాటు సామానులాగా వచ్చే పిల్లలు, ఆడబాపలు అనేవాళ్ళు. వాళ్ళకు పెళ్ళి లేదు, ఇల్లు లేదు. దేవిడీ గోడల లోపల వాళ్ళకు ఏం జరిగినా అడిగేవాడు లేడు.

అత్తమ్మ ఆ పిల్లను నూలు గదిలోకి తోసి రెండు తలుపులకూ గొళ్ళెం పెట్టింది, ఇంట్లోకి ఒకటి, పెరట్లోకి ఒకటి. చీరను అరుగు మీద పడేసింది. దేవిడీకి కబురు చెప్పమని మా ఆయనను పంపింది. తను రాట్నం ముందు కూర్చుని నన్ను పిలిచింది.

"పిల్లా, తలుపు కాడ కూసొని దానికి కథ చెప్పు. ఊ కొట్టమను. ఊ ఆగిందో, ఏదో కంత తవ్వుతున్నట్టే. లొల్లి చెయ్యి."

మా ఇంట్లో కథకు అదే పద్ధతి. వినేవాళ్ళు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. కావలికి కూడా ఆ పద్ధతి పనికొస్తుందని అత్తమ్మకు తట్టింది. తెలివైన మనిషి.

నాకు వెంటనే నోటికొచ్చింది మా అమ్మమ్మ చెప్పిన దొంగకథే. ఒక రాక్షసుడు వెన్నెలనంతా కుండలో పోసి ఇంట్లో దాచుకుంటాడు. ఒక పిల్ల దాన్ని ఎత్తుకుపోవడానికి వెళ్ళి చిక్కుతుంది. రాక్షసుడు పడుకుని, ఉన్నావా అని మాటిమాటికీ అడుగుతుంటాడు. పిల్ల రోలును బతిమాలుతుంది, నా బదులు నువ్వు ఊ కొట్టవే అని. రోలు కొడుతుంది. పిల్ల కుండతో పరుగెడుతుంది. అయితే మా అమ్మమ్మ కథలో రోలు అలసిపోయి మూగబోతుంది. రాక్షసుడు లేస్తాడు, పిల్లను పడతాడు, చెయ్యి నరుకుతాడు. దొంగతనం చేస్తే చెయ్యి పోతుందని పిల్లలకు బుద్ధి చెప్పడానికి ఆ కథ.

"దొంగకథ చెప్తనే" అన్నాను తలుపు సందులోంచి.

లోపల బొంగురు గొంతుతో నవ్వు వినిపించింది. "నా కథ నాకే చెప్తవా అక్కా?"

"పగటిపూట కథ చెప్తే బాటసారులు తొవ్వ తప్పుతరంటరు. అయినా చెప్తున్న."

"మంచిగ చెప్పు. నన్ను తీస్కపోను వచ్చెటోళ్ళే తప్పనీ."

"గంత కష్టపడి నేసిన చీర ఎందుకు ఎత్తుకపోతున్నవే?"

"గీ గుడ్డ మీద యాడికి పోయినా గుర్తు పడ్తరు. చీర కడితే మనిషి లెక్క కనవడ్త గదా." లోపల నాలుగడుగులు వేసిన చప్పుడైంది. "పోయినపారి దొరికితే అరికాళ్ళు కాల్చిండ్రు. అయినా మస్తు నడుస్తున్న సూడు."

ఆ మాట గొప్పగా చెప్పుకున్నట్టుగా అంది. నాకు అక్కడే ఏదో తెగింది. అది జాలి కాదు. జాలి అయితే ఏడ్చి ఊరుకునేదాన్ని. కోపం వచ్చింది. ఎవరి మీద? దొర మీదా, అత్తమ్మ మీదా, చెయ్యి నరికించిన మా అమ్మమ్మ మీదా?

పిల్లకు నీళ్ళిచ్చి వస్తానని అత్తమ్మతో చెప్పాను. చెంబుతోపాటు అరుగు మీది చీరను కొంగు కింద పెట్టుకుని చుట్టు తిరిగి పెరట్లోకి వెళ్ళాను. గొళ్ళెం చప్పుడు కాకుండా తీశాను. చీర, చెంబు గడప పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చి నా చోట కూర్చున్నాను.

"ఆ రాక్షసుని ఇంటికి పెరటి తలుపు ఒకటున్నది" అని కథ అందుకున్నాను. "ఆ పూట దానికి గొళ్ళెం లేదు. బయట గడప పక్కన చీర ఉన్నది. పాపం, ఆ పిల్లకు ఎరుక లేదు."

లోపల నుంచి ఊ రాలేదు. కొంచెం సేపటికి వచ్చింది, చాలా మెల్లగా. అదే ఆఖరు.

"ఉన్నదా అది?" రాట్నం ఆపకుండా అత్తమ్మ అడిగింది.

ఊ అన్నాను. నేనే. ఆ పిల్ల బొంగురు గొంతుతో. రాక్షసుడి గొంతు, ముసలమ్మ గొంతు, పసిపిల్ల గొంతు పలికించే నోరు నాది. దొంగ గొంతు ఒక లెక్కా? కథ చెప్పాను, ఊ కొట్టాను, మళ్ళీ చెప్పాను. ఈసారి నా కథలో రోలు అలసిపోతే రోకలి పలికింది. రోకలి ఆగితే చాట పలికింది, చాట తర్వాత జల్లెడ, ఆఖరికి పొయ్యిలో బూడిద కూడా పలికింది. పిల్ల అందనంత దూరం పోయిందని నా మనసుకు అనిపించేదాకా ఆ ఇంట్లో ఏ వస్తువునూ మూగబోనివ్వలేదు.

ఇది మొదటి పని. మళ్ళీ ఆ పూట వస్తే మళ్ళీ చేస్తాను. చీర పోయింది కదా అంటారా? పోనివ్వండి. ఒక మనిషి మనిషిలాగా కనబడడానికి పనికిరాకపోతే మా నేత ఎందుకు?

రెండోది చెప్పాలి.

దేవిడీ మనుషులు వచ్చారు. గది ఖాళీ. గొళ్ళెం వేలాడుతోంది. ఎవరు తీశారని గద్దించారు. అప్పుడే మల్లయ్య బయటి నుంచి వచ్చి మగ్గం దగ్గర నిలబడ్డాడు. అందరూ నా వైపు చూశారు.

"నీళ్ళిచ్చి నేను గొళ్ళెం పెట్టొచ్చిన. అటెన్క మల్లన్న నూలు కండెలకని పెరటి దిక్కు నుంచి గదిలకు పోయిండు" అన్నాను. "మళ్ళ గొళ్ళెం పెట్టలేదేమో."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! కథ చెప్పినంత తేలిగ్గా.

"చెల్లే, నేనటు పోనే లేదు" అన్నాడు మల్లయ్య. కోపంగా కూడా అనలేదు. నేనేదో పొరబడ్డాననుకున్నాడు, సరిదిద్దుకుంటానని నా మొహం కేసి చూశాడు. నేను నేల చూశాను. వాళ్ళు అతన్ని దేవిడీకి తీసుకుపోయారు.

తిరిగి వచ్చేసరికి అతని కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం లేదు. మగ్గం మీద అటూ ఇటూ నాడె విసరలేని నేతగాడిని ఎవరు పెట్టుకుంటారు? అత్తమ్మ అన్నం పెట్టి ఊరికి పొమ్మంది. ఆ అన్నం వడ్డించింది నేను. ఎడమచేత్తో తిన్నాడు. ఆ తర్వాత అతని సంగతి మాకు తెలియలేదు.

నిజం చెబితే మా ఆయనను కొట్టేవాళ్ళు, నన్ను పుట్టింటికి తోలేవాళ్ళు, పిల్ల వెంట గుర్రం పంపేవాళ్ళు అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అదీ ఒక కథే. ఊ కొట్టింది కూడా నేనే. తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది కదా? అది ఎందుకు నోటికి రాలేదు? దొరను ఎదిరించానని లోపల మురిసిపోతున్నదాన్ని, కూలికి నేసే మనిషిని ఎంత సులువుగా దొరకు అప్పజెప్పాను! ఎదురు చెప్పలేనివాడి పేరే నోటికి రావడం ఏమిటి?

క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. పిల్లను వదిలిన తప్పు కూడా ఇందులో కలిపి నన్ను పూర్తిగా వంచాలని చూడకండి, వంగను. నా తప్పు ఎంతో అంతే మోస్తాను, ఒక్క పిసరు ఎక్కువ మోయను, తక్కువా మోయను.

మల్లయ్య తాలూకు మనుషులు ఎక్కడైనా ఉంటే వినండి. మీ పెద్దమనిషి గొళ్ళెం మరిచినవాడు కాదు. దొంగను వదిలినవాడు కాదు. తీసింది నేను, చెప్పింది నేను. తిట్టాలనుంటే పేరు లేని ఈ మనిషిని తిట్టండి. నోరెత్తకుండా వింటాను.