హాజరు మిషను చప్పుడు

రాయదుర్గంలో నేను చాయ్ పెట్టే ఆఫీసులో పిల్లలు కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ మార్చి రాస్తున్నారు. నడుమ గుండెకాయలా ఉండే కెర్నల్ అనే భాగాన్ని ముట్టుకోకుండా, దాని చుట్టూ ఉన్నదంతా కొత్తగా కడుతున్నారట. ముందుగా మా హాజరు మిషనులో వేసి చూశారు. వేలు పెడితే వచ్చినట్టు, మళ్లీ పెడితే వెళ్లిపోయినట్టు అది రాసుకుంటుంది.

ఆ పొద్దున వేలు పెడితే, ఎప్పుడూ కుయ్‌మనే మిషను పలకలేదు. తెర మీద ఏదో రాసి ఉంది కానీ నాకు చదవరాదు. పడలేదేమోనని మళ్లీ మళ్లీ, మొత్తం ఆరుసార్లు నొక్కి, పనిలోకి పోయాను.

పదింటికి సూపర్‌వైజర్ చాయ్ తాగుతూ అన్నాడు: "ఏందక్కా, వచ్చుడుతోనే ఇంటికి పోయినవంట? ఇయ్యాల నీకు హాజరు లేదు."

నా పెనిమిటి పోయాక ఇల్లు నడిచేది నా జీతంతోనే. ఒక్కరోజు పోయినా కష్టమే.

"ఇంటికి పోతే నీ చేతిలున్న చాయ్ ఎవరు పెట్టిన్రు? మిషను మూగదైంది, జర చూడుండ్రి," అన్నాను.

సాఫ్ట్‌వేర్ రాసే కోస్తా అమ్మాయి అక్కడే ఉంది. "ఆ చప్పుడు తీసేసింది నేనేనండి. అందరూ తెర చూసుకుంటారు కదా, ఇంకెందుకనుకున్నాను."

"అందరికి చదువొస్తదా బిడ్డా?"

ఆమె వెంటనే వెళ్లి, చప్పుడు మళ్లీ రాసి వచ్చింది. మధ్యాహ్నం అందరూ చూస్తుండగా వేలు పెట్టాను. కుయ్‌మంది.

"ఇగ లోపలున్నవక్కా," అని సూపర్‌వైజర్ పొద్దున్నుంచీ హాజరు వేశాడు.

సంతోషం పట్టలేక ఇంకోసారి నొక్కబోయాను. అమ్మాయి గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.