నా బామ్మర్ది చేతికి నేనిచ్చిన బీడీ

ఆ రోజు పొద్దున సాంచెకు, అంటే బట్ట నేసే మరమగ్గానికి, కొత్త భీము ఎక్కిస్తున్నాం. భీమంటే పడుగు నూలు చుట్టిన బరువైన రోలరు, ఇద్దరు పట్టి లేపాలి. ఒక కొస నేను, ఇంకో కొస నా బామ్మర్ది రాజేశం. సగం లేపేసరికి నా ఎడమ చెయ్యి భుజం నుంచి వేళ్ల దాకా గుంజింది. ఛాతీ మీద బరువు పెట్టినట్టయింది. గ్యాస్ అనుకున్నాను. బీడీ తాగితే గ్యాస్ పోతుందని బయటికి వెళ్లి ముట్టించాను. ఇప్పుడు తలచుకుంటే నా తెలివికి నాకే సిగ్గేస్తుంది.

రాజేశం వెనకాలే వచ్చాడు.

"బావా, ముఖం గిట్ల తెల్లవడ్డదేంది? చెమటలు కారుతున్నయ్."

"ఏం కాలే. జర సోడా తాగుత."

"సోడా లేదు, గీడా లేదు. నడువ్, ఆటో ఎక్కు."

కడోదరాలోని మా కార్ఖానా నుంచి సూరత్ ఆస్పత్రి దాకా నన్ను పట్టుకునే కూర్చున్నాడు. ఈసీజీ తీశారు. హార్ట్ అటాక్ అన్నారు. యాంజియోగ్రామ్ చేస్తే ఒక బ్లాక్ కనిపించింది, స్టెంట్ వేశారు. డాక్టరమ్మ గుజరాతీ ఆవిడ, నాతో హిందీలో మాట్లాడేది. బీడీ తాగుతావా అని అడిగింది. నలుగురితోపాటు తాగుతానని చెప్పాను. "నలుగురితో తాగినా పొగ నీ ఒంట్లోకే కదా పోయేది?" అంది. ఇకమీదట ఒక్కటి కూడా వద్దని గట్టిగా చెప్పింది.

మా బీడీ సంగతి కొంచెం చెప్పాలి. నాది జగిత్యాల పక్క పల్లె. ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. సాంచెలు నడిచే చోట పక్క మనిషి అరిచినా వినపడదు, రోజంతా సైగలే. మాట్లాడుకోవాలంటే బయటికి రావాలి. బయటికి రావాలంటే చేతిలో బీడీ ఉండాలి. రెండు వేళ్లు పెదవుల దగ్గర పెట్టి చూపిస్తే పక్కవాడు మన సాంచెలు చూసుకుంటాడు, యజమాని శేఠ్ కూడా ఏమీ అనడు. ఉత్త చేతులతో గోడ పక్కన నిలబడితే మాత్రం ఏమైందని అడుగుతాడని మా అందరి భయం. బీడీ తాగనివాడు లోపలే ఉండి అందరి సాంచెలకూ కాపలా కాసేవాడు. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు. నేను వచ్చేటప్పటికే ఉంది, నేనూ అందులో కలిసిపోయాను.

రాజేశం నా భార్య పద్మకు తమ్ముడు. పనిలో పెట్టించింది నేనే. వచ్చినప్పుడు అతనికి ఏ అలవాటూ లేదు. పది రోజులు లోపలే నిలబడి, ఆ చప్పుడుకు తల పట్టుకుని కూర్చున్నాడు. నాకు జాలేసింది. ఒక బీడీ ముట్టించి అతని వేళ్ల మధ్య పెట్టాను.

"నువ్వు తాగకు. ఉత్తగ పట్టుకో. పొగ కనవడితే చాలు, ఎవ్వరేమనరు."

చేతిలో కాలుతున్న బీడీని ఎవడైనా ఎన్నాళ్లు ఉత్తగా పట్టుకుంటాడు? నెల తిరగకుండానే సొంతంగా కట్ట కొనుక్కున్నాడు. అది చూసి నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఏడుపొస్తుంది.

స్టెంట్ వేశాక నెలన్నర ఇంట్లో ఉన్నాను. బీడీ గుర్తే రాలేదు. పద్మ మురిసిపోయింది, నేనూ గొప్పలు పోయాను. పనిలోకి వెళ్లిన మొదటి రోజే రాజేశం అలవాటు కొద్దీ అటునుంచి రెండు వేళ్లు చూపించాడు, నా చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది. జేబులో ఏమీ లేదు కాబట్టి ఆ రోజుకు గండం గడిచింది. తర్వాత కొన్నాళ్లు లోపలే ఉన్నాను. ఎవరి బిడ్డకు సంబంధం కుదిరిందో, ఎవరు ఊరికి పోయారో నాకు ఒక్క ముక్కా తెలిసేది కాదు. బాగా ఒంటరినైపోయాను.

ఒక ఆదివారం నాలుగు కుటుంబాలం డుమస్ బీచికి వెళ్లాం. ఆడవాళ్లు టమాటా భజియాల బండి దగ్గర ఉంటే, మగవాళ్లం సముద్రం వైపు నడిచాం. ఎవరో ముట్టించిన బీడీ చేతులు మారుతూ నా దాకా వచ్చింది. వద్దంటే మళ్లీ అందరిలో వేరుగా ఉండాలి. అందుకున్నాను. ఆ మరుసటి రోజు నుంచి కార్ఖానాలోనూ మొదలైంది. పద్మకు చెప్పకుండా నాలుగు నెలలు తాగాను, మళ్లీ ఛాతీలో నొప్పి మొదలయ్యేదాకా.

ఈసారి డాక్టరమ్మ తిట్టలేదు. ఎప్పుడెప్పుడు తాగుతావో చెప్పమంది. నేను చెబుతుంటే వేళ్లు మడుస్తూ వింది.

"ఇంట్లో ఒక్కటీ లేదు. ఒంటరిగా ఉన్నప్పుడూ లేదు. మరి కార్ఖానాలో ఊరికే బ్రేక్ కావాలని అడిగావా?"

అడగలేదు. ఇన్నేళ్లలో ఆ ఆలోచనే రాలేదు. మర్నాడు శేఠ్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. బీడీ మానేశానని, అయినా మిగతావాళ్లతో పాటు కాసేపు బయట నిలబడతానని హిందీలో చెప్పాను. ఆయన వింతగా చూశాడు.

"జావో నా భాయ్. మనా కిస్నే కియా?"

వద్దని ఎవరన్నారట. నిజమే, ఎవరూ అనలేదు. బయటికి వచ్చి గోడకు ఆనుకున్నాను. సంతోషం రాలేదు. రాజేశం వేళ్ల మధ్య నేను పెట్టిన బీడీ ఒక్కటే కళ్ల ముందు కదిలింది. ఆ రోజు ఈ ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది.

అప్పటికే అతనికి దగ్గు పట్టి చాలా కాలమైంది. నూలు దుమ్ము అని కొట్టిపారేసేవాళ్లం. బలవంతంగా తీసుకెళ్తే స్పైరోమెట్రీ చేశారు. గొట్టంలోకి ఊదమంటే మధ్యలోనే ఊపిరి అందక ఆగిపోయాడు. సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు అన్నారు. పొగ, దుమ్ము రెండూ కలిసి చేశాయని, పోయిన ఊపిరితిత్తి తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని చెప్పారు. నలభై కూడా నిండని మనిషి. బయట బెంచీ మీద నేను ఏడుస్తుంటే అతనే నన్ను ఓదార్చాడు.

"నువ్వు నా మంచికే ఇచ్చినవ్ బావా. ఊకో."

పద్మ ఇప్పటికీ నన్ను ఒక్క మాట అనలేదు. తమ్ముడు మా ఇంటికొచ్చినప్పుడు అతనికి ఇన్‌హేలర్ అందిస్తూ మాత్రం నా వైపు చూడదు.

నేను మానేసి రెండేళ్లు దాటింది. రాజేశం కూడా జబ్బు బయటపడిన రోజే మానేశాడు. సాంచెలు వదిలి సూరత్‌లోనే సలాబత్‌పురాలో చీరల దుకాణంలో మడతల పని చేస్తున్నాడు. మెట్లెక్కుతూ సగంలో ఆగుతాడు.

మానాలనుకునేవాళ్లకు నాకు తెలిసింది ఒక్కటే చెబుతాను. మానేసే రోజుకు ముందే యజమానినీ, తోటివాళ్లనూ నోరు తెరిచి అడగండి: "నేను తాగను, కానీ మీతోపాటు బయటికి వస్తాను" అని. నాలాగా మనుషుల్ని వదిలేసి బీడీ మానాలని చూడకండి, నిలబడదు.

మొన్న మా జిల్లా నుంచి ఒకాయన కొత్తగా పనిలో చేరాడు. మేం బయటికి వెళ్తుంటే తన సాంచెల దగ్గరే నిలబడ్డాడు. రమ్మని చెయ్యి ఊపాను. దగ్గరికి వచ్చి, తప్పు చేసినవాడిలా నా చెవిలో చెప్పాడు.

"నాకు బీడీ అలవాటు లేదన్నా."

"మంచిగైంది. ఉత్తగనే రా, జర గాలికి నిలవడుదాం."

సాయంత్రం ఫోన్‌లో రాజేశానికి ఈ సంగతి సంబరంగా చెప్పాను. అటువైపు కాసేపు దగ్గు వినిపించింది. తర్వాత మెల్లగా అన్నాడు.

"గదే మాట అప్పుడు నాతోని అంటే అయిపోతుండె గద బావా."

ఇన్నేళ్లలో అతను నన్ను అన్న మాట అదొక్కటే.