యేసుదానం మోకాళ్లు

విశాఖపట్నంలో మోకాళ్ల నొప్పికి ఏ కొత్త వైద్యం దిగినా, దాని మొట్టమొదటి పేషెంటు యేసుదానమే. పోర్టులో క్రేన్ ఆపరేటరుగా రిటైరైన ఆ పెద్దమనిషికి అదొక్కటే పిచ్చి. క్లినిక్కు బోర్డు మీద రంగు ఆరకముందే లోపలికెళ్లి, ప్యాంటు మోకాలిదాకా మడిచి కూర్చునేవాడు.

అక్కణ్ణించి నేరుగా ద్వారకా నగర్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసుకి. అక్కడ క్లెయిములు చూసే గౌరీశ్వరికి ఆయన్ని చూడగానే పాలసీ నిబంధనల పుస్తకం తీసి ముందేసుకోవడం అలవాటైపోయింది.

"ఈసారి ఏం చేయించుకున్నారండీ?"

"తేనెటీగలమ్మా. మోకాలి సుట్టూ కుట్టించారు. కంపెనీ డబ్బులిస్తాదా?"

"ప్రయోగదశలో ఉన్న వైద్యానికి పాలసీ వర్తించదండీ."

"ప్రయోగం నా మీద సేసారు గానీ, మీ కంపెనీ మీద సేసారేటి?"

తర్వాత అయస్కాంతాల పట్టీ వచ్చింది. అది కట్టుకుని ఆయన కూర్చుంటే, టేబుల్ మీది గుండుసూదుల డబ్బా దానంతటదే ఆయన వైపు జరిగిందని ప్యూను గురువులు ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. ఆ తర్వాత కోడిజుట్టులోంచి తీసిన జిగురు ఇంజెక్షను.

"ఎలా ఉందండీ?"

"పర్లేదమ్మా. తెల్లారగట్ట కుయ్యాలనిపించలేదు. మరి దీనికిస్తారా?"

"ఇవ్వరండీ."

"సరే, పోన్లే" అని లేచిపోయాడు. క్లెయిము రాదంటే ఎవరైనా బల్ల గుద్దుతారు. ఈయన మాత్రం ఏదో తెలుసుకున్నవాడిలా తలూపి వెళ్లిపోతాడేమిటో గౌరీశ్వరికి అంతుబట్టేది కాదు.

2006లో మూలకణాల సూది వచ్చింది. యేసుదానం పొడిపించుకున్నాడు. మోకాలు తాటిపండంత వాచింది. కుంటుకుంటూ వచ్చిన ఆయన్ని చూసి జాలేసి, గౌరీశ్వరి తమ కంపెనీ డాక్టరు దొరబాబు దగ్గరికి పంపింది. సాయంత్రం డాక్టరు ఫోన్ చేశాడు.

"వాపు తగ్గిపోతుందమ్మా, భయం లేదు. కానీ ఈయన మోకాళ్లకి అసలు జబ్బే లేదు! నొప్పెక్కడయ్యా అంటే, ఇంట్లో అంటాడు!"

గౌరీశ్వరికి ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ తనతో ఆటలాడాడా? గోపాలపట్నంలో ఆయన ఇంటికి వెళ్లి తలుపు కొట్టింది. ఎంతసేపటికీ తలుపు తెరుచుకోలేదు. చివరికి తెరిచింది యేసుదానం భార్య కృపావతి. రెండు చేతులతో గోడ పట్టుకుని నిలబడింది. ఆవిడ కాళ్లు మోకాళ్ల దగ్గర విల్లులా వంగిపోయి ఉన్నాయి.

"రామ్మా, కూకో" అంది ఆవిడ ఆయాసపడుతూ.

లోపల యేసుదానం మోకాలికి ఐసు పెట్టుకుని కూర్చున్నాడు.

"నొప్పి ఈవిడకైతే సూదులు మీరు పొడిపించుకోవడమేమిటండీ?"

"ఏ సూదిలో ఏటుందో ఎవలికి తెల్సమ్మా? ముందు నాకు పొడిస్తే తెలిసిపోద్ది గదా. దీనికసలే సూదంటే బయం. ఇదిగో సూడు, ఇదే దాని కాలైతే?" అని వాచిన మోకాలిని మెడల్‌లా చూపించాడు.

"మరి ఆ క్లెయిములు?"

"దానికి సేయిస్తే మీరిస్తారో లేదో, అదీ సూసుకోవాలి గదా!"

కృపావతి పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. "వద్దంటే ఇంటాడా అమ్మా? తేనెటీగలు కుట్టిన్నాడు మొకం కూడా వాసిపోతే, మనిషిని గుర్తుపట్టలేక, ఎవలు బాబూ నువ్వని అడిగాను."

గౌరీశ్వరి కోపం ఎటో పోయింది. "ఈవిడ పేరు కూడా పాలసీలో ఉందండీ. మోకాలిచిప్ప మార్పిడి ప్రయోగం కాదు, ఎప్పట్నుంచో చేస్తున్న ఆపరేషనే. దానికి కంపెనీ ఇస్తుంది. ఒక్కసారైనా అడిగారా?"

"నువ్వు సెప్పావేటి?"

నిజమే అనిపించింది గౌరీశ్వరికి. ఇన్నాళ్లూ వర్తించనివే చెప్పింది గానీ, వర్తించేది చెప్పనే లేదు.

ఆపరేషన్ రోజు ఆస్పత్రిలో యేసుదానం పెద్ద డాక్టరుకి అడ్డం తిరిగాడు. "ముందు నాకు సెయ్యండి డాట్రుగారూ. బాగుంటే దానికి సేద్దురు గాని."

"బాగున్న మోకాలు కొయ్యనయ్యా!"

"మరి నాకెలా తెలస్తాది?"

స్ట్రెచరు మీంచి కృపావతి ఆయన చెయ్యి పట్టుకుంది. "ఇన్నాళ్లూ నువ్వే ముందెల్లావు. ఈపాలి నాను ముందెల్తాను. నువ్వెల్లి బయట కూకో."

సూదంటే భయపడే మనిషి నవ్వుతూ లోపలికెళ్లింది. యేసుదానం బయట బెంచీ మీద కూర్చుని, తెలిసిన ప్రార్థనలన్నీ అయిపోతే మళ్లీ మొదట్నుంచి అందుకున్నాడు.

కొన్నాళ్లకి గోపాలపట్నం మార్కెట్లో గౌరీశ్వరికి ఇద్దరూ కనిపించారు. కృపావతి చేపల బుట్టలన్నీ బేరమాడుతూ ముందు దూసుకుపోతోంది. వెనకాల రెండు చేతుల్లో సంచులతో యేసుదానం.

"మెల్లగా నడవ్వే!"

ఆవిడ వెనక్కి తిరిగి నడుం మీద చేతులేసుకుంది. "ఏటి, మోకాళ్ల నొప్పేటి?"

ఆయన సంచులు ఎగేసుకుని, మొహమంతా నవ్వుతో పరుగందుకున్నాడు.