పోశవ్వ సిలిండర్‌లో నీళ్లు

పదేళ్ల కిందట, వానాకాలం మొదట్లో, జగిత్యాలలోని ఒక గ్యాస్ ఏజెన్సీ నన్ను సారంగాపూర్ లైన్‌లో డెలివరీకి వేసింది. కట్టెల పొయ్యి మీద వండుకునే కూలి కుటుంబాలకు అప్పుడప్పుడే కొత్త కనెక్షన్లు వస్తున్నాయి. డెలివరీ అంటే సిలిండర్ మోయడమే కాదు. సీలు చూపించాలి, వేలాడే కాంటాకు తగిలించి తూకం చూపించాలి. ఖాళీ బరువు సిలిండర్ పిడి దగ్గరే రాసి ఉంటుంది. దానికి పద్నాలుగు కిలోల చిల్లర గ్యాస్ కలిస్తే లెక్క సరి.

అలాంటి ఒక కుటుంబంలోని ముసలమ్మ పోశవ్వ ఇంట్లో మొదటి సిలిండర్ దించగానే ఆమె దాన్ని అటూ ఇటూ ఊపింది.

“ఏం కొడుకా, గ్యాసని జెప్పి నీళ్లు వోసి తెచ్చినవా? గుడగుడ అంటున్నది!”

బిగించి, పొయ్యి ముట్టించాను. “నీళ్లయితె మంట ఎట్లత్తదే అవ్వా?”

“మీద గింత గ్యాసు, కింద నీళ్లు. పాలోడు చేసే పనే గదా!”

విప్పి, కాంటాకు తగిలించాను. తూకం సరిపోయింది.

“నీళ్లు గూడ తూగుతయి గదరా!”

సిలిండర్‌ను మళ్లీ పొయ్యికి బిగించి, కాంటా తీసుకుని వచ్చేశాను.

పోశవ్వ ఫిర్యాదు ఏజెన్సీ దాకా పోయింది. నాకంటే ముందున్న మనిషిని సిలిండర్లలోంచి గ్యాస్ గుంజుతున్నాడనే తీసేశారు. సంగతి తేలేదాకా బండెక్కొద్దని, ఆమె మాటే నిజమైతే అసలు రానే రావద్దని ఓనర్ చెప్పాడు.

గోదాంలో మెకానిక్ విడమరిచాడు. గ్యాస్‌ను గట్టిగా అదిమితే ద్రవమై తక్కువ చోట్లో ఇముడుతుంది; ఊపితే గుడగుడమనేది అదే. రూపం మారినా పదార్థం అంతే, తూకం అంతే. పదార్థం ఎంతుందో దాన్నే ద్రవ్యరాశి అంటారట. నేను బడి మానేశాక చెప్పిన పాఠం అయి ఉంటుంది. మంట ఆరిపోయేదాకా వండుకో, నీళ్లే అయితే లోపలే మిగులుతాయి కదా అని పోశవ్వకు కబురు పంపాను.

ఆరిపోయిన రోజు వాడకట్టంతా చేరింది. ఆమే ఊపింది. చప్పుడు లేదు. కాంటాకు తగిలిస్తే పిడి దగ్గర రాసిన ఖాళీ బరువే చూపింది. పోశవ్వ వంగి సిలిండర్ అడుగున చూసింది.

“మరి గా పద్నాలుగు కిలోలు ఏడవోయినయిరా?”

“ఏడికీ పోలేదవ్వా. మండి గాలిల కలిసింది. ఊరంత పీల్చుకున్నరు.”

“అయితె ఊరోళ్ల దగ్గర పైసలు వసూల్ చేసి తే, పో!”

మర్నాడు బండెక్కాను. ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నా, వీధిలో సిలిండర్ల బండి వస్తే నాకు ఆ గుడగుడే వినిపిస్తుంది. కాంటా ఎంత ఉందో చెబుతుంది, ఏముందో చెప్పదు. అందుకే పనిలో ఉన్నన్నాళ్లూ ప్రతి కొత్త ఇంట్లో, సీలు తీయకముందే, సిలిండర్‌ను నేనే ఊపి వినిపించి, ఆ చప్పుడు ద్రవమైన గ్యాస్‌దేనని చెప్పేవాణ్ణి.